రానివాళ్ల లెక్క

బుజ్జీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నువ్వు హైదరాబాద్ ఉద్యోగం వదిలేసి తునిలో తుంటి మార్పిడి ఆపరేషన్లు మొదలుపెడుతున్నావట. అన్నీ సిమెంటు లేకుండా ఎముకలో బిగించే అన్‌సిమెంటెడ్ రకమే చేస్తావట. చేసిన ప్రతి పేషెంటునీ పదేళ్లు వెంటాడి, ఎలా ఉన్నారో రాసిపెడతావట. "వెంటాడటం" అక్క మాటే. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యకి ఈ సంగతి రెండుసార్లు చెప్పాను. రెండోసారి "విన్నాను లెండి, పడుకోండి" అంది. పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. సగం సంతోషంతో, సగం ఆ "అన్నీ" అన్న మాటతో.

నీకు తెలిసినవి ముందు కానిచ్చేస్తాను. ఇన్ఫెక్షన్ విషయంలో ఎవరి మొహమాటానికీ పోకు. షుగరు అదుపులో లేనివాళ్లని, పుచ్చిపళ్లు, పుండ్లు ఉన్నవాళ్లని అవి బాగయ్యాకే రమ్మను. ఏ సైజు పడుతుందో ఎక్స్‌రే మీద కొలుచుకునే టెంప్లేటింగ్ ముందురోజే చేసుకో. రక్తం గడ్డకట్టకుండా మందు రాయడం మర్చిపోకు. అంతే.

నా భయం సుత్తి దగ్గర.

తాతయ్య గొడ్డలికి కామ ఎక్కించేటప్పుడు నేను పక్కనే గొంతుక్కూర్చునేవాణ్ణి. కామ తలలో చీల దిగ్గొడుతూ ఆయన చూసేవాడు కాదు, వినేవాడు. మెత్తగా మోగేది కాస్తా పొట్టిగా, గట్టిగా మోగిందో, సుత్తి కింద పెట్టేసేవాడు. "ఇంకొక్క దెబ్బ నాన్నా" అనేవాణ్ణి. "ఆ ఒక్క దెబ్బకే కామ చీలుద్దిరా" అనేవాడు. తర్వాత నేను పెద్ద పెద్ద పుస్తకాలు చదివాను. సుత్తితో తొడ ఎముకలోకి దిగ్గొట్టే లోహపు కాడ, అదే స్టెమ్, బిర్రుగా కూర్చోవాలి, 150 మైక్రాన్లకు మించి, అంటే రెండు వెంట్రుకల మందం కంటే ఎక్కువ కదిలితే దాని మీదకి ఎముక పెరగదు, పీచు పొర పెరుగుతుంది అని వాటిల్లో ఉంది. ఎక్కడ ఆపాలో మాత్రం తాతయ్యే ముందు చెప్పాడు. నేనే వినలేదు.

ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

1997లో నేను కాకినాడలో చేస్తున్నాను. అప్పటిదాకా మావన్నీ ఇంగ్లండు సర్జన్ ఛార్న్లీ దొర 1962 నుంచి నేర్పిన సిమెంటు ఆపరేషన్లే. ఆ ఏడే అన్‌సిమెంటెడ్ నేర్చుకొచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు చూడు, అలా ఉండేది నా వరస. ఏలేశ్వరం వైపు నుంచి ఒకావిడ వచ్చింది. 64 ఏళ్లు, వీధిలో ఇడ్లీలు వేసి అమ్ముకునే మనిషి. తుంటి విరిగితే నాటుకట్టు కట్టించుకుని రెండేళ్లు కాలీడ్చుకుంటూ తిరిగింది. ఎక్స్‌రేలో తొడ ఎముక పల్చగా, లోపల బొంగులా ఖాళీగా ఉంది. సిమెంటు స్టెమ్‌కి ఇంతకంటే తగిన ఎముక ఉండదు. అయినా నేను కొడుకుని పిలిచి "కొత్త రకం వేస్తాను, ఖర్చు కాస్త ఎక్కువ" అన్నాను. ఆ కుర్రాడు అప్పు చేసి తెచ్చాడు.

స్టెమ్ దిగుతోంది. ఠంగ్, ఠంగ్. నిలబడింది కూడా. ఇంకో రెండు మిల్లీమీటర్లు దిగితే కాళ్ల పొడవు సరిగ్గా కుదురుతుందనిపించింది. ఇంకొక్క దెబ్బ కొట్టాను. శబ్దం మారింది. పగిలిన కుండ మీద వేలితో కొడితే వస్తుందే, ఆ శబ్దం. థియేటర్ సిస్టర్ తలెత్తి నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూడలేదు. తొడ ఎముక మెడ కింద, కాల్కర్ దగ్గర, కండ కాస్త పక్కకి జరిపి చూస్తే చీలిక కనపడేది. ఒక వైరు చుట్టి, ఆరు వారాలు బరువు మోపొద్దంటే సరిపోయేది. పది నిమిషాల పని. తర్వాతి కేసు బయట స్ట్రెచర్ మీద ఉంది, నాకు చూడబుద్ధి కాలేదు. కుట్లు వేసేశాను. మర్నాటి ఎక్స్‌రే బాగానే కనపడింది. వాకర్ ఇచ్చి పూర్తి బరువుతో నడిపించాను. పన్నెండో రోజు కుట్లు విప్పించుకుని వెళ్లింది. మళ్లీ రాలేదు.

1999 మొదట్లో ఒక మీటింగులో నా అన్‌సిమెంటెడ్ కేసుల మీద పేపర్ చదివాను. 40 మందికి చేస్తే 31 మంది ఫాలో-అప్‌కి వచ్చారు. ఆ 31 మంది మార్కులు చదివితే చప్పట్లు కొట్టారు. ఆవిడ మిగతా తొమ్మిదిలో ఉంది. "ఫాలో-అప్‌కు రానివారు" అని ఒక గడి, అంతే.

ఆ వేసవిలో ఏలేశ్వరం దగ్గరే పెళ్లికి వెళ్లాను. టీ కోసం ఆగితే పక్కన ఇడ్లీ బండి. కోడలు వేస్తోంది. వెనక అరుగు మీద ఆవిడ. నన్ను చూడగానే లేచింది. లేస్తుంటే కుడి చెప్పు కనపడింది. అడుగున టైరు ముక్కలు రెండు, ఒకదాని మీద ఒకటి పెట్టి మేకులు కొట్టి ఉన్నాయి. కాలు పొట్టి అయ్యిందని కొడుకు చేసిపెట్టాడట. ఆ రెండు ముక్కల మందమే ఆమె తొడలో నా స్టెమ్ దిగిపోయిన లోతు. "తొడలో సలుపు బాబూ, అడుగు తీసి అడుగెయ్యలేను. నడవమన్నట్టు నడవలేదేమో, నా ఖర్మ, మీరేం చేస్తారు" అంది. మరి ఎందుకు రాలేదమ్మా అంటే, "ఏ మొహంతో వచ్చేది, అంత ఖర్చు పెట్టించి బాగుపడలేదంటే మీరు బాధపడరా?" అంది. కుర్చీ వేయించి, నాలుగు ఇడ్లీలు పెట్టించింది. తిన్నాను. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. డబ్బు తీసుకోకుండా మళ్లీ చేస్తానన్నాను. దండం పెట్టి "ఇంక కొయ్యొద్దు బాబూ" అంది. 2006 దాకా అలాగే బతికింది.

ఇప్పుడు నీ లెక్క సంగతికొద్దాం. స్వీడన్ వాళ్లు 1979 నుంచి ప్రతి తుంటికీ లెక్క రాస్తున్నారు. గొప్ప పని, కాదనను. కానీ రిజిస్ట్రీల్లో పెద్ద లెక్క రివిజన్. మళ్లీ ఆపరేషన్ జరిగితే ఫెయిల్, జరగకపోతే పాస్. ఆ లెక్కన మా ఇడ్లీ అవ్వ పాసే. చచ్చేదాకా ఇంప్లాంట్ లోపలే ఉంది కదా!

తుంటి ఎలా పనిచేస్తోందో కొలిచే హారిస్ మార్కులు తీసుకో. నూటికి నొప్పికి 44. సాక్సు, షూ వేసుకోవడానికి నాలుగు. మన తునిలో సాక్సు వేసుకునే ముసలమ్మ ఎవరమ్మా? పీట మీద కూర్చుంటుందా, నాట్లకి వంగుతుందా, కమోడ్ పెట్టించారా లేక పాత దొడ్డికే వెళ్తోందా, ఇవి ఆ కాగితంలో ఉండవు. నీ కాగితంలో ఉండాలి. మొదటి మూడు నెలలు గొంతుక్కూర్చోవద్దని, కాళ్లు పెనవేసుకోవద్దని చెప్పు. వాళ్లు కూర్చుంటారు, నువ్వడిగితే లేదంటారు. పక్కనున్న కోడల్ని అడుగు.

డెబ్బై అయిదు దాటినవాళ్లకి, ఎముక బొంగులా ఉన్నవాళ్లకి స్టెమ్ సిమెంటుతోనే పెట్టు. ఆ వయసులో అన్‌సిమెంటెడ్ చుట్టూ ఎముక ఎక్కువ విరుగుతోందని రిజిస్ట్రీలు చెబుతూనే ఉన్నాయి. "అన్నీ" అన్న మాట ఇక నా చెవిన పడకూడదు. రోజుకి మూడు చేస్తానన్నావట కూడా. మూడో కేసు బయట స్ట్రెచర్ మీద ఎదురుచూస్తుంటే రెండో కేసులో చెవులు పనిచేయవు. మొదటి ఏడాది రోజుకి ఒకటే చెయ్యి. కోపం తెచ్చుకోకు. ఆరేళ్లప్పుడు నా ఎక్స్‌రేలు కిటికీకి అడ్డం పెట్టి "మామయ్యా, ఈయనకి ఎక్కడ నొప్పి?" అని అడిగేదానివి. ఆ ప్రశ్న అడగడం మానకు తల్లీ, నాకు అదే కావాలి.

ఆరు వారాలకి, మూడు నెలలకి, ఏడాదికి ఎక్స్‌రే తీసి మొదటిదాని పక్కన పెట్టి కొలువు. తొలి వారాల్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగి ఆగిపోతే గాభరా పడకు. ఆగకుండా దిగుతుంటే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. ఇంప్లాంట్ స్టిక్కర్లు ఒకటి కేస్ షీట్‌లో, ఒకటి రిజిస్టర్లో, ఒకటి పేషెంటు చేతికి. ఫోన్ నంబర్లు మూడు రాసుకో: కొడుకుది, కూతురిది, ఊళ్లో ఆర్‌ఎంపీది. కొడుకులు సిమ్ములు మార్చేస్తారు, ఆర్‌ఎంపీ మార్చడు. ఏజెన్సీ నుంచి సికిల్ సెల్ రక్తజబ్బుతో తుంటి బంతి చెడిపోయిన కుర్రాళ్లు వస్తారు, కరోనాలో స్టెరాయిడ్లు వాడినవాళ్లూ వస్తారు. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, అన్ని రకాలూ కలిపి, మార్చిన తుంటిల్లో నూటికి 58 మాత్రమే పాతికేళ్లు నిలుస్తాయి. ముప్ఫై ఏళ్లవాడికి రెండో ఆపరేషన్ రావచ్చని మొదటి రోజే చెప్పు.

నా పాత రిజిస్టరు కొరియర్‌లో పంపుతున్నాను. అట్ట ఊడిపోయింది, జాగ్రత్త. 1997 పేజీలో ఆవిడ పేరు ఎదురుగా ఎర్రసిరాతో రాసింది చదువు. రాని తొమ్మిది మందిలో మిగతా ఎనిమిది మందినీ నేను వెతకలేదు. మొదట్లో భయమేసింది, తర్వాత పనులన్నాను, ఇప్పుడు నా మోకాళ్లు బస్సెక్కనివ్వవు. వాళ్లలో ఇద్దరు అప్పటికి ముప్ఫై లోపు కుర్రాళ్లు, ఒకడిది ప్రత్తిపాడు, ఒకడిది అన్నవరం దగ్గర. నీకు దగ్గరే. ఏదైనా ఆదివారం పూట వెళ్లిరా. ఎక్స్‌రేకి రమ్మని ముందే బెదరగొట్టకు. కాసేపు కూర్చుని, వాళ్లు ఎలా లేస్తున్నారో చూసి నాకు రాయి.

ఏం రాసినా సరే, ఉన్నదున్నట్టు రాయి. మీ అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకు.

మీ మామయ్య