గోడ ఆరేదాకా డిపాజిట్ జోలికి వెళ్లకండి

ప్రశ్న: మా పక్కింటివాళ్లు పెరట్లో పూల మడులు కడుతూ మా పడకగది గోడకు ఆనించి రెండడుగుల ఎత్తున మట్టి పోశారు. రోజూ పైపుతో తడుపుతారు. ఆరు నెలలుగా మా వైపు గోడ చెమ్మ పట్టి, పెయింట్ పొలుసులుగా రాలుతోంది. గోడంతా చెక్కేసి కొత్త ప్లాస్టర్, వాటర్‌ప్రూఫింగ్ చేయాలని కాంట్రాక్టర్ అంటున్నారు. ఆయన చెప్పిన మొత్తం మా మూడు నెలల ఇంటి ఖర్చంత ఉంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? లేక కేసు వేసి వాళ్లతోనే కట్టించాలా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు చెప్పిన మూడు దారుల్లో ప్రస్తుతానికి ఏదీ వద్దు. ఆ మట్టి అక్కడ ఉన్నంతకాలం లోపల పెట్టే ఖర్చంతా చిల్లుకుండలో పోసిన నీళ్లే.

ఇల్లు కట్టేటప్పుడు నేలలోని తడి పైకి పాకకుండా గోడ అడుగున డీపీసీ అనే పొర వేస్తారు. అది బయటి నేల కంటే కనీసం 15 సెంటీమీటర్లు పైన ఉండాలంటారు. రెండడుగుల మట్టి పడేసరికి మీ గోడలో ఆ పొర మునిగిపోయి ఉంటుంది, తడి నేరుగా ఇటుకలోకి దిగుతోంది. పైగా బాగా తడిసిన మట్టి ఘనపు మీటరుకు రెండు టన్నుల దగ్గర తూగుతుంది. మీ గోడ కట్టింది ఇంటి బరువు మోయడానికే గానీ పక్క నుంచి తోసే మట్టిని ఆపడానికి కాదు.

అంచేత మీ మొదటి ఖర్చు ఆ మట్టిని జరిపించే కూలీ. ముందుగా ఫొటోలు తీయండి: లోపలి గోడ, బయటి మట్టి, పక్కన టేపు పెట్టి ఎత్తు తెలిసేలా, తేదీతో సహా. మట్టి తీశాక ఈ సాక్ష్యం మళ్లీ దొరకదు. తర్వాత పక్కింటివాళ్లను లోపలికి పిలిచి గోడ చూపించండి. తాము పోసిన మట్టి అవతలివైపు ఏం చేస్తోందో చాలామందికి నిజంగానే తెలియదు. మడిని గోడకు ఓ రెండడుగుల దూరం జరిపి, దానికి విడిగా చిన్న గట్టు కట్టుకుని, మధ్య నేలను నీళ్లు గోడవైపు రాకుండా వాలుగా చేస్తే వాళ్ల పూలమొక్కలూ ఉంటాయి, మీ గోడా ఉంటుంది.

నన్నడిగితే ఆ కూలీలో సగం మీరే ఇస్తామనండి. తప్పు వాళ్లదైతే మేమెందుకు ఇవ్వాలని మీకు మండుతుందని తెలుసు. కానీ ఒకటి రెండు రోజుల కూలీలో సగం ఎక్కడ, కేసుకయ్యే లాయర్ ఫీజులు, ఏళ్ల తరబడి తిరుగుళ్లు ఎక్కడ! గోడ బాగుచేయించే ఖర్చు వదులుకోవడం లేదని మాత్రం ఒక మెసేజ్‌లో మర్యాదగా రాసి ఉంచుకోండి. మాటకు దిగిరాకపోతే అప్పుడు రాతపూర్వకంగా నోటీసు పంపండి. కోర్టుకు వెళ్లే పరిస్థితే వస్తే మీ ఫొటోలు, ఇంజినీరు రిపోర్టు, మీరు ముందే చెప్పారనే రుజువు, ఇవే పనికొస్తాయి.

ఇంటి బీమా ఉంటే పాలసీ తీసి చదవండి, కానీ ఆశ పెట్టుకోకండి. హఠాత్తుగా పైపు పగిలితే ఇస్తారు గానీ నెలల తరబడి మెల్లగా ఎక్కిన చెమ్మను చాలా పాలసీలు మినహాయిస్తాయి.

ఇక అసలు డబ్బు సంగతి. తడిసిన ఇటుక గోడ అంగుళం మందానికి దాదాపు నెల చొప్పున ఆరుతుందని కట్టుబడి పనివాళ్ల మోటు లెక్క. మీది 9 అంగుళాల గోడైతే మట్టి తీశాక ఆరడానికి 9 నెలల దాకా పట్టొచ్చు. ఆరక ముందే ప్లాస్టర్ చేసి రంగు వేస్తే లోపలి తడి ఉప్పును మోసుకొచ్చి దాన్ని మళ్లీ ఊడదీస్తుంది. నేనూ ఒకసారి తొందరపడి, చుట్టాలు వస్తున్నారని రంగు వేయించి ఏడాది తిరక్కుండానే రెండోసారి డబ్బు పెట్టినవాణ్నే.

ఈ 9 నెలలు మీకు కలిసొచ్చినట్టే. మూడు నెలల ఖర్చంత మొత్తాన్ని తొమ్మిది భాగాలు చేస్తే నెలకు మీ ఇంటి ఖర్చులో మూడో వంతు పక్కన పెట్టాలి. అంత కుదరకపోయినా సగం చేరితే చాలు, మిగతాది అప్పుడు చూసుకోవచ్చు. డిపాజిట్ మధ్యలో తీసి వడ్డీ పోగొట్టుకునే పని లేదు, ఇంటి గోడ కోసం పర్సనల్ లోన్ వడ్డీ కట్టే పని అంతకన్నా లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగొద్దు. గోడలో పగులు 5 మిల్లీమీటర్లు దాటినా, నెలనెలా పెన్సిల్‌తో గీసిన గుర్తు దాటి పాకుతున్నా, గోడ లోపలికి ఉబ్బినట్టు కనిపించినా వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. అత్యవసర నిధి ఉన్నది అలాంటి రోజుకే, అది చాలకపోతే డిపాజిట్ తీయండి.

ఆరాక ఆ కాంట్రాక్టర్‌తో పాటు ఇంకో ఇద్దరిని పిలిచి కొత్తగా లెక్క వేయించండి. సాధారణంగా చెమ్మ ఎక్కిన గీతకు పైన అడుగు, అడుగున్నర వరకు ప్లాస్టర్ చెక్కితే సరిపోతుంది. గోడంతా ఎందుకు చెక్కాలో చదరపు అడుగుల లెక్కతో కాగితం మీద రాసివ్వమని అడగండి.