టిక్కు తీశావా, తల్లీ?

అమ్మాయ్ చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఉద్యోగం మానేసిందిరా, చీరలమ్ముతుందట, దానికో వెబ్‌సైటట" అని ఒకటే గోల. ఏమనాలో తోచక "ఏం చీరలు?" అన్నాను. "మంగళగిరివి" అంది. ఆ సంగతి మీ అత్తయ్యకు చెబితే ముందు నవ్వింది, తర్వాత "అచ్చం మీ పోలికే" అంది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నాకింకా తేలలేదు.

గర్వంగానే ఉంది. కోపంగానూ ఉంది. గుంటూరు అరండల్‌పేటలో పదిహేనేళ్ళు సైట్లు కట్టి గూగుల్లో ఎక్కించే పని చేసిన మామయ్య ఒకడున్నాడని నీకు గుర్తు రాలేదా? వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపితే ఒక బొటనవేలు బొమ్మ పడేసి ఊరుకుంటావు. అందుకే కూర్చుని ఉత్తరంలా రాస్తున్నాను. పూర్తిగా చదువు.

మీ అమ్మ చెప్పినవాటిలో నా గుండె జారింది ఒక్క మాటకి. ముగ్గురు నేతగాళ్ళకు అరవై చీరలు చెప్పావట. ఆషాఢం చివర్లో సైటు తెరిచి, వరలక్ష్మీ వ్రతం లోపల అమ్మేస్తావట. తల్లీ, ఇవాళ తెరిచిన సైటు రేపు పొద్దున్నే గూగుల్లో ఉంటుందని ఎవరు చెప్పారు నీకు? ఒక్కోసారి రెండు మూడు రోజుల్లో ఎక్కుతుంది, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఎక్కినా, "మంగళగిరి చీరలు" అని కొట్టగానే నువ్వు పైన కనపడవు. అక్కడ ఏళ్ళ తరబడి పాతుకుపోయిన దుకాణాలున్నాయి. అందుకని అరవై చీరలూ మగ్గం దిగేదాకా ఆగకు. చేతిలో ఉన్న నాలుగు చీరలతో ఈ వారమే తెరిచెయ్యి. మిగతావి వస్తూ ఉంటే ఎక్కిస్తూ పో. ఆ నేతగాళ్ళకు ఇచ్చిన మాట గూగుల్ మీద పెట్టుకోకు. మీ కాలనీలో, మీ పాత ఆఫీసులో, చుట్టాల్లో అమ్ముకునే లెక్క ఒకటి పక్కన వేసుకో.

ఇక నీకు తెలిసే ఉండే పనులు గబగబా చెప్పేస్తాను. డొమైను, అంటే సైటు చిరునామా, నీ పేరు మీద, నీ మెయిల్‌తో కొను, చేసిపెట్టే కుర్రాడి పేరు మీద వద్దు. నీ సైటు గూగుల్‌కు ఎలా కనపడుతోందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో దాన్ని చేర్చు. నీదేనని రుజువుకు టీఎక్స్‌టీ రికార్డు అనే చిన్న అక్షరాల వరుస ఒకటి ఇస్తారు, డొమైను కొన్నచోట డీఎన్ఎస్ సెట్టింగుల్లో అది అతికించు. సైట్‌మ్యాప్, అంటే నీ పేజీల చిరునామాల జాబితా, ఇవ్వు. ఒక్కో ఫైల్లో 50,000 చిరునామాలు పడతాయి, నీ అరవై చీరలకు ఇబ్బందేం లేదు. ముఖ్యమైన పేజీలకు ఇండెక్స్ చేయమనే, అంటే గూగుల్ జాబితాలో చేర్చమనే, బటన్ ఉంటుంది, ఒకసారి నొక్కు. పదిసార్లు నొక్కినంత మాత్రాన లిఫ్టు తొందరగా రాదు కదా, ఇదీ అంతే. మైక్రోసాఫ్ట్ వాళ్ళ సెర్చ్ ఇంజన్ బింగ్‌కూ వెబ్‌మాస్టర్ టూల్స్ అని అలాంటిదే ఉంది, అందులోకి గూగుల్ వివరాలే ఇంపోర్ట్ చేసుకోవచ్చు, అయిదు నిమిషాల పని. యాహూకి, డక్‌డక్‌గోకి ఫలితాలు చాలావరకు బింగ్ నుంచే వెళ్తాయి. సైటు ఫోన్లో సరిగ్గా కనపడుతోందో లేదో చూసుకో, గూగుల్ ఇప్పుడు ఫోన్లో కనపడేదాన్ని బట్టే చదువుతోంది.

తెలుగు సంగతి మాత్రం కాస్త నిదానంగా విను. చీరల వివరాలన్నీ డీటీపీ సెంటర్లో టైపు చేయించావట. అక్కడ డీటీపీ వాళ్ళు వాడే అను ఫాంట్లలో కొట్టి ఉంటే, సైట్లో అతికించగానే పిచ్చి గీతలు వస్తాయి. ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించుకో. "ఎందుకొచ్చిన గొడవ, బొమ్మగా పెట్టేద్దాం" అనుకునేవు, అది ఇంకా పెద్ద తప్పు. ఫొటో ఎంత బాగున్నా, ఆ నూలు ఏమిటో, ఆ చీర ఎవరి గుంట మగ్గం మీద నేసిందో పక్కన అక్షరాల్లో రాస్తేనే గూగుల్‌కు తెలుస్తుంది. "చీర 07" అని టైటిల్ పెట్టకు. "మంగళగిరి నూలు చీర, నిజాం అంచు, ఆకుపచ్చ" అని పెట్టు. మన జనం తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కాబట్టి ఆ పేరు అలా కూడా ఒకసారి పేజీలో ఉండనీ. ఒకసారే! పేజీ కింద ఆ పేరే యాభైసార్లు తెల్ల అక్షరాల్లో రాసి దాచే రోజులు పోయాయి. ఆ రోజుల్లో నేనూ ఆ పని చేశాను, మీ అమ్మకు చెప్పకు.

బ్రాడీపేటలో ఎవరి ఇల్లు అడిగినా "నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు" అంటారు. ఊరికి కొత్తవాడైనా లెక్కపెట్టుకుంటూ గుమ్మం దాకా వెళ్ళిపోతాడు. నీ సైటు లోపల దారులు అలా వెయ్యి. మొదటి పేజీ నుంచి రకాలకు, రకం నుంచి చీరకు. గూగుల్ పంపే బాటు, అంటే పేజీలు చదివే ప్రోగ్రాం, లింకు పట్టుకుని నడిచే జీవి. ఏ పేజీ నుంచీ దారి లేని పేజీ దానికి లైను నంబరు లేని ఇల్లు. బయటి నుంచి కూడా ఒకటో రెండో దారులు కావాలి. నేత సంఘానికి సైటుంటే వాళ్ళనడుగు, నువ్వు చదివిన కాలేజీ వాళ్ళు పాత విద్యార్థుల గురించి రాస్తుంటే వాళ్ళనడుగు. కొనడం మాత్రం వద్దు. 2012 ఏప్రిల్లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చినప్పుడు, కొన్న లింకుల మీద నిలబడ్డ సైట్లు ఎలా కూలాయో కళ్ళారా చూశాను.

నువ్వు డొమైను కొన్న వారం లోపల ఫోన్లు మొదలవుతాయి చూడు. "మేడమ్, మీ సైటును వెయ్యి సెర్చ్ ఇంజన్లలో చేరుస్తాం, మొదటి పేజీ గ్యారంటీ" అంటారు. నేను నెట్ సెంటర్ పెట్టిన కొత్తలో, గంటకు 30 రూపాయలు తీసుకునే రోజుల్లో, నిజంగానే ఒక్కో చోటికీ వెళ్ళి ఫారం నింపాలి. అప్పటి సెర్చ్ ఇంజన్లు ఆల్టావిస్టాకి ఒకటి, లైకాస్‌కి ఒకటి. డీమోజ్ అనే డైరెక్టరీలో మనుషులే చదివి చేర్చుకునేవాళ్ళు. నా దరఖాస్తు ఒకటి ఎనిమిది నెలలు అలాగే పడుంది. యాహూ డైరెక్టరీలో వ్యాపారం సైటు పెట్టాలంటే ఏడాదికి 299 డాలర్లు, గుంటూర్లో ఎవరిస్తారమ్మా అంత! అవన్నీ పోయాయి. యాహూ డైరెక్టరీ 2014 చివర్లో, డీమోజ్ 2017లో మూతపడ్డాయి. ఎవరైనా చిరునామా ఇచ్చిపోయే పాత ఫారాన్ని గూగుల్ 2018లో తీసేసింది. లిస్టింగుకు గూగుల్ పైసా తీసుకోదు, మొదటి స్థానం ఇప్పిస్తానని మాటివ్వగలిగినవాడు ఎవడూ లేడు. ఫోన్ పెట్టేసెయ్యి.

ఇంతదాకా రాసినవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. ఇప్పుడు చెప్పేది మాత్రం మీ అత్తయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

2014లో నా స్నేహితుడొకడు కారం మిల్లు పెట్టాడు. నీకు తెలుసు వాణ్ణి, చిన్నప్పుడు నిన్ను స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని మిర్చి యార్డు చూపించడానికి తీసుకెళ్తే, తుమ్మి తుమ్మి ఏడ్చావు. "దళారీల చుట్టూ తిరగలేనురా, నేరుగా బయటి ఊళ్ళవాళ్ళు నన్ను వెతుక్కుంటూ రావాలి" అన్నాడు. సైటు నేనే చేశాను, సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో. కట్టే రోజుల్లో సగం పేజీలు ఖాళీ, ధరలు ఊరికే వేసినవి. అవి బయటపడకూడదని సెట్టింగుల్లో ఒక టిక్కు పెట్టాను. సెర్చ్ ఇంజన్లూ, ఇటు రావొద్దు అని చెప్పే టిక్కు అది. అలా పెట్టడం మంచిదే. సంక్రాంతి నాడు కంప్యూటర్ ముందు కొబ్బరికాయ కొట్టి సైటు తెరిచాం. వాడి భార్య బూరెలు పెట్టింది. ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.

టిక్కు తియ్యలేదు.

ఫిబ్రవరి వచ్చింది, యార్డుకి కొత్త మిర్చి వచ్చింది. వాడు అప్పు చేసి తేజా రకం మిర్చి కొన్నాడు. రోజూ సాయంత్రం నా షాపుకొచ్చి "ఏరా, ఎవరైనా మెయిల్ పెట్టారా?" అనేవాడు. మిల్లు పేరు కొట్టినా మా సైటు వచ్చేది కాదు. "కొత్త సైటు కదా, గూగుల్ టైము తీసుకుంటుంది" అనేవాణ్ణి. మార్చిలో వాడికి అనుమానం వస్తుందేమోనని, వాడి డబ్బే పన్నెండు వేలు ఇప్పించి, ఎవడిచేతో అయిదొందల డైరెక్టరీల్లో లింకులు వేయించాను. తలుపుకి లోపల గొళ్ళెం పెట్టుకుని ఊరంతా కరపత్రాలు పంచడమంటే అదే. ఏప్రిల్ అయింది. యార్డుకి వేసవి సెలవులిచ్చారు. సెలవుల్లో పని నేర్చుకుందామని వచ్చిన ఇంజనీరింగు కుర్రాడొకడు సైటు చూస్తూ "సార్, ఈ టిక్కు ఎందుకుంది?" అన్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, నాకు మాత్రం చొక్కా తడిసిపోయింది. తీసేశాను. తొమ్మిదో రోజున సైటు గూగుల్లో కనపడింది, కాని అప్పటికే వాడు సరుకు వచ్చిన ధరకు అమ్మేసుకున్నాడు.

వాడితో ఏం చెప్పానో తెలుసా? "గూగుల్ వాళ్ళు ఏదో మార్చారు, ఇప్పుడు సర్దుకుంది" అన్నాను. వాడు నమ్మాడు. నా చేతికి మిగిలిన ఫీజు ఇచ్చి మరీ వెళ్ళాడు.

అందుకే నీకు ఇది పదిసార్లు చెబుతాను, విసుక్కోకు. సైటు తెరిచిన రోజే మూడు చోట్ల చూడు. ఒకటి ఆ టిక్కు. రెండు, బాట్లకు ఎక్కడికి రావొచ్చో చెప్పే రోబోట్స్ ఫైలు (robots.txt). అందులో డిసలౌ (Disallow) అన్న మాట తర్వాత ఒంటరిగా ఒక ఏటవాలు గీత (/) ఉంటే సైటంతా మూసినట్టే. మూడు, పేజీల్లో నోఇండెక్స్ అనే ట్యాగు. ఈ చివరి రెండూ ఒకటే అనుకోకు. రోబోట్స్ ఫైలు బాటును గేటు దగ్గరే ఆపుతుంది. నోఇండెక్స్ అయితే లోపలికి రానిచ్చి, చదివి, "దీన్ని జాబితాలో పెట్టొద్దు" అని చెబుతుంది. గేటు మూసేస్తే ఆ మాట బాటు చదవలేదు కూడా. వేరేవాళ్ళ చేత చేయిస్తున్నావు కాబట్టి "తీసేశాం మేడమ్" అంటే సరేననకు. కన్సోల్‌లో నీ చీర పేజీ చిరునామా ఇచ్చి, లైవ్ టెస్ట్ నొక్కి, ఇండెక్సింగుకు అనుమతి ఉందని నీ కళ్ళతో చదువు. వారం తర్వాత గూగుల్లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా నీ డొమైను కొట్టి చూడు. ఒక్క పేజీ కూడా రాకపోతే ఎవర్నీ తిట్టకుండా ముందు ఆ మూడు చోట్లకూ మళ్ళీ వెళ్ళు. ఒకవేళ తప్పు నీదే అయితే నేతగాళ్ళకు ఆ సాయంత్రమే చెప్పెయ్. మర్నాటికి చెప్పడం కష్టమవుతుంది, నెలకి అసాధ్యమవుతుంది. నాకు పదేళ్ళు దాటింది.

అన్నట్టు, చీరల ఫొటోలు మీ అమ్మ పంపింది. ఆ ముదురు నీలం మీద జరీ అంచు చాలా బాగుంది. మీ అత్తయ్య దాని ధరెంతో కనుక్కోమంది. మేనమామ ఇల్లని తగ్గించకు.

ఆదివారం బెజవాడలో పొద్దున్నే బస్సెక్కు, లాప్‌టాప్ తెచ్చుకో. ఆ మూడూ నేనే చూస్తాను, అప్పుడుగాని నాకు నిద్ర పట్టదు. గోంగూర చేయించి ఉంచుతాను. ఓ పది చీరలు కూడా పట్టుకురా. సాయంత్రం కారం మిల్లు వాడింటికి వెళ్దాం. వాడికిప్పుడు ఇద్దరు కోడళ్ళు, చీరలంటే ఇష్టమే. వాళ్ళు చీరలు చూస్తుంటే నేనూ వాడూ అరుగు మీద కూర్చుంటాం.

మీ మామయ్య