అటక మీది క్యాసెట్లు

ప్రశ్న: నాన్నగారు పోయాక అటక మీంచి రెండు అట్టపెట్టెల క్యాసెట్లు దించాం. పాటలన్నీ ఫోన్లో వస్తున్నాయిగా, పాత సామాన్లవాడికి వేసేద్దాం అంటున్నారు మావారు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆగండమ్మా, ముందు లేబుళ్లు చూడండి. కంపెనీ అచ్చేసిన సినిమా పాటలైతే మీవారి మాట కొంత నిజమే. కొంతే! యాప్‌లో పాట చందా కట్టినన్నాళ్లే మనది. హక్కులవాళ్లతో ఒప్పందం ముగిస్తే అదీ మాయం.

నాన్నగారి చేతిరాత ఉన్నవి మాత్రం విడిగా తీయండి. అవి ఏ యాప్‌లోనూ దొరకవు. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి, వాటిని విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. మా ఇంట్లో విరవలేదు. పదేళ్ల వయసులో మా నాయనమ్మ మంగళహారతుల మీద క్రికెట్ కామెంటరీ ఎక్కించిన ఘనుణ్ణి నేనే. ఆవిడ గొంతు ఇప్పుడెక్కడా లేదు.

టేపు చుట్ట అంచున తెల్లటి మచ్చలుంటే అది బూజు. ప్లేయర్లో పెట్టకండి, టేపుని చదివే హెడ్‌కి అంటుకుని మిగతావాటికీ పాకుతుంది. శుభ్రంగా ఉన్నవాటిని ప్లేయర్ నుంచి వైరుతో కంప్యూటర్‌కి ఎక్కించుకోవచ్చు. 60 నిమిషాల క్యాసెట్‌కి 60 నిమిషాలూ కూర్చోవాల్సిందే, దగ్గరదారి లేదు. సీడీ నాణ్యతతో దాచుకుంటే గంటకి సుమారు 600 ఎంబీ అవుతుంది. రెండు చోట్ల దాచండి.

అన్నట్టు, వదులైన టేపు బిగించడానికి పక్కన ఓ పెన్సిల్ పెట్టుకోండి. గుండ్రటిది కాదు, పలకలున్నది. క్యాసెట్ రంధ్రంలో దూర్చి తిప్పాలిగా!