ధరలు పెరిగిన ఏడాది మా ఇంట్లో ఏం తగ్గించాం, ఏం తగ్గించకుండా ఉండాల్సింది

జీతం పెరగలేదు, ధరలు ఆగడం లేదు, నెల మూడో వారానికే చేతిలో డబ్బు అయిపోతోంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, మీ ఇళ్లలో ఏం చేశారో చెప్పండి అని అడిగారు. మూడేళ్ల కిందట మా పరిస్థితి అచ్చం ఇదే. ఇంట్లో ఐదుగురం: మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. ఆయనది పూర్తి జీతం, నాది సగం రోజు ఉద్యోగం.

ముందు మేం చేసిన పొరపాటు చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లోనూ అదే జరుగుతోందేమోనని నా భయం. ధరలు పెరిగాయని అందరికీ తెలుసు కానీ ఆ సంగతి కూర్చుని మాట్లాడుకోలేదు. ఎవరికి వాళ్లం మనసులోనే తగ్గించుకుంటూ పోయాం. మా ఆయన బండి సర్వీసింగ్ వాయిదా వేశారు. నేను పన్ను నొప్పిని నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాను. పెద్దవాడు స్కూల్ టూర్ కాగితం మాకు చూపించకుండా సంచిలోనే దాచుకున్నాడు. అత్తయ్య బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టారు. ఒక రోజు పొద్దున వంటింట్లో కళ్లు తిరిగి కూలబడిపోయారు. ఆసుపత్రిలో డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపెట్టారు: "నెల మందులు రెండు నెలలొస్తాయి కదా అనుకున్నానమ్మా."

ఆ ఒక్క రోజు కట్టిన బిల్లు ఆవిడ ఏడాది మందుల ఖర్చు కంటే ఎక్కువైంది. డబ్బు సంగతి అలా ఉంచండి. మాకు బరువవుతున్నానేమో అనుకుంటూ ఆవిడ అన్ని రోజులు ఒంటరిగా లెక్కలు వేసుకున్నారన్నది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. బీపీకి చాలాసార్లు పైకి లక్షణాలే ఉండవు. అందుకే మాత్ర మానేసినా ఏమీ కాలేదు కదా అనిపిస్తుంది. నా పన్నూ అంతే. ఫిల్లింగ్‌తో పోయేది రూట్ కెనాల్ దాకా వెళ్లింది.

కాబట్టి మొదలు ఎక్కడ అని అడిగితే నా సమాధానం ఇదే: ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి. పిల్లలు ఉంటే వాళ్లనీ పిలవండి. వచ్చేది ఇంత, పోయేది ఇంత అని ఉన్నదున్నట్టు చెప్పండి. భయపెట్టక్కర్లేదు. మాట్లాడకపోతే ఇంట్లో ఎక్కువ ప్రేమ ఉన్నవాళ్లే చప్పుడు లేకుండా ఎక్కువ వదులుకుంటారు. సాధారణంగా అది ఇంట్లో పెద్దావిడో, వంట చేసే మనిషో అవుతుంది.

తర్వాత ఒక పుస్తకం పెట్టుకున్నాం. ఫోన్లో యాప్ కూడా వేసి చూశాం కానీ అది మా ఆయన ఫోన్లో ఉంటే నాకూ అత్తయ్యకీ కనిపించేది కాదు. పుస్తకమైతే ఫ్రిజ్ మీద ఉంటుంది, ఎవరు ఖర్చు చేస్తే వాళ్లు రాస్తారు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. జపాన్‌లో హానీ మోతోకో అనే పాత్రికేయురాలు 1904లోనే గృహిణుల కోసం ఇంటి ఖర్చుల పుస్తకం అచ్చువేయించారు. కకేబో పేరుతో ఆ అలవాటు అక్కడ ఈరోజుకీ ఉంది. చేత్తో రాస్తే ఒక లాభం ఉంది: రాసే ఆ నాలుగు సెకన్లలో ఆ ఖర్చు మళ్లీ ఒకసారి కళ్లముందుకొస్తుంది.

మొదటి రెండు నెలలు ఏమీ తగ్గించవద్దు, రాయండి అంతే. ఇది ముఖ్యం. ఎందుకంటే వార్తల్లో చెప్పే ధరల పెరుగుదల శాతం మీ ఇంటిది కాదు. అది దేశం మొత్తం మీద సగటు కుటుంబం కొనే వస్తువులన్నీ కలిపి కట్టిన లెక్క. అద్దె ఇంట్లో ఉండి రోజూ దూరం ప్రయాణించే వాళ్లకి ఒకలా ఉంటుంది, సొంత ఇంట్లో ఉండి మందులు ఎక్కువ కొనే వాళ్లకి ఇంకోలా ఉంటుంది. ఆదాయం తక్కువైన కొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే చూపించారు. అందుకే తిండి సరుకుల ధరలు పెరిగితే పెద్ద జీతాల వాళ్లకి చిరాకుగా ఉంటుంది, మనలాంటి వాళ్లకి ఊపిరాడదు. మా పుస్తకంలో రెండు నెలల తర్వాత తేలింది ఏమిటంటే, మేం గొడవపడుతున్న చిన్న ఖర్చులన్నీ కలిపినా వంటింట్లో పారేస్తున్న దానికి సాటిరావని.

పారేస్తున్నామని నేను ఒప్పుకోలేదు మొదట. జాగ్రత్తగా ఉంటాననే అనుకునేదాన్ని. అందుకే ఒక వారం పాటు చెత్తబుట్టలో వేసే తిండి ప్రతిదీ రాశాను. వాడిపోయిన ఆకుకూర, ఫ్రిజ్‌లో వెనక్కి వెళ్లిపోయి మరిచిపోయిన గిన్నె, పిల్లలు సగం తిని వదిలేసినవి, "చవకగా వచ్చింది" అని రెట్టింపు కొన్న పండ్లు. కొన్న కూరగాయల్లో దాదాపు నాలుగో వంతు బుట్టలోకి పోతోంది. ఇది మా ఒక్క ఇంటి జబ్బు కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా వృథా అయిన ఆహారం దాదాపు 105 కోట్ల టన్నులు, అందులో 60 శాతం ఇళ్లలోనే. సగటున మనిషికి ఏడాదికి 79 కిలోలు ఇంట్లో పారేస్తున్నాం. ధర పదిహేను శాతం పెరిగిందని బాధపడుతూ పాతిక శాతం పారేస్తున్నామంటే ముందు ఆపాల్సింది ఏదో అప్పుడు అర్థమైంది.

చేసినవి చాలా మామూలు పనులు. బజారుకి వెళ్లే ముందు ఫ్రిజ్ తీసి చూడటం, ఉన్నవాటితో రాబోయే మూడు రోజులు ఏం వండాలో అనుకుని, లేనివి మాత్రమే చీటీలో రాసుకోవడం. వారం మొత్తానికి ప్లాన్ వేసి చూశాను, నిలబడలేదు. మూడు రోజులైతే నిలబడుతుంది. ఫ్రిజ్‌లో కళ్లకి ఎదురుగా ఉండే అర "ముందు ఇవి అవ్వాలి" అని పెట్టాం. మిగిలినవీ, త్వరగా పాడయ్యేవీ అన్నీ అక్కడే. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు దాటకుండా చూసుకున్నాం. అంతకంటే వెచ్చగా ఉంటే తిండి త్వరగా పాడవుతుంది. ఇంకో మాట: ప్యాకెట్ మీద "ఈ తేదీలోగా అయితే బాగుంటుంది" అనే అర్థంలో రాసింది రుచికీ తాజాదనానికీ సంబంధించినది. "ఈ తేదీ తర్వాత వాడకూడదు" అని ఉంటేనే అది ఆరోగ్యానికి సంబంధించినది. ఈ రెండిటికీ తేడా తెలియక నేను ఎన్ని మంచి ప్యాకెట్లు పారేశానో.

వంటింట్లోనే ఆదా చేయగలిగింది ఇంకొకటి ఉంది, వంట గ్యాస్. నీరు మరగడం మొదలయ్యాక దాని వేడి 100 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. మంట పెద్దగా పెట్టినా ఆవిరి ఎక్కువ పోతుంది తప్ప తొందరగా ఉడకదు. మరగగానే మంట తగ్గించి మూత పెట్టడం, పప్పులు నానబెట్టడం, కుక్కర్ వాడటం. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది, అందుకే అంత తొందరగా ఉడుకుతుంది. అత్తయ్య ఇవన్నీ మొదటి నుంచీ చేసేవారు, నేనే తొందరలో పట్టించుకోలేదు.

కొనే దగ్గర నాకు బాగా పనికొచ్చిన అలవాటు ఒక్కటే. ప్యాకెట్ ధర చూడటం మానేసి, కిలోకో లీటరుకో ఎంత పడుతోందో చూడటం. కంపెనీలు ధర అదే ఉంచి బరువు తగ్గిస్తుంటాయి. 100 గ్రాముల ప్యాకెట్ 85 గ్రాములైతే ధర దాదాపు 18 శాతం పెరిగినట్టే, కానీ చేతిలో పట్టుకుంటే తెలియదు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకని కూడా అనుకోవద్దు, ఒక్కోసారి చిన్నవి రెండు తీసుకుంటేనే తక్కువ పడుతుంది. పైగా పెద్ద ప్యాకెట్ ఇంట్లో ఉంటే వాడకమూ పెరుగుతుంది. సబ్బుపొడి విషయంలో మా ఇంట్లో అదే జరిగింది.

కరెంటు బిల్లు విషయంలో నేను పిల్లల మీద అనవసరంగా చాలా అరిచాను. లైట్లు ఆర్పండి, లైట్లు ఆర్పండి అని. తర్వాత మా ఆయన కూర్చుని లెక్క వేసి చూపించారు. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 2000 వాట్ల గీజర్ అరగంట నడిస్తే ఒక యూనిట్ అయిపోతుంది. అదే ఒక్క యూనిట్‌తో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 111 గంటలు వెలుగుతుంది. అంటే వేడి చేసేవీ చల్లబరిచేవీ చూసుకోవాలి: గీజర్, ఏసీ, ఫ్రిజ్, ఇస్త్రీ పెట్టె, హీటర్. గీజర్ స్నానానికి పది నిమిషాల ముందు వేసి, వరసగా అందరం స్నానాలు చేయడం మొదలుపెట్టాం. ఏసీ ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెంచి ఫ్యాన్ కూడా వేసుకున్నాం. ఇస్త్రీ వారానికి ఒకసారే. ఇంకా పాత బల్బులే ఉంటే ముందు అవి మార్చండి, 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. టీవీ పక్కన ఉండే సెట్‌టాప్ బాక్సు లాంటివి రిమోట్‌తో ఆపినా లోపల నడుస్తూనే ఉంటాయి. 10 వాట్లు లాగేది రోజంతా అలాగే ఉంటే నెలకి 7 యూనిట్లు. స్విచ్ దగ్గరే ఆపేస్తే సరి.

నెలనెలా తమంతట తామే కట్ అయిపోయే చందాలు ఒకసారి బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూడండి. మాకు మూడు దొరికాయి, ఒకటి ఎందుకు తీసుకున్నామో కూడా గుర్తులేదు.

అప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇబ్బంది మొదలైన నెలల్లో మేం క్రెడిట్ కార్డు మీద సరుకులు కొని, బిల్లులో కనీసం ఇంత కట్టాలని చూపించే చిన్న మొత్తం (మినిమం) మాత్రమే కట్టేవాళ్లం. బిల్లు కట్టేశామన్న తృప్తి ఉండేది. మిగిలిన బాకీ మీద నెలకి 3 శాతం వడ్డీ అంటే చిన్నదిగా వినిపిస్తుంది. కానీ వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. అంటే ధర పెరిగిన సరుకుని ఇంకా ఎక్కువ ధరకి కొంటున్నామన్నమాట. వంటింట్లో మిగిల్చింది మొదటి ఐదు నెలలు పూర్తిగా ఆ కార్డుకే కట్టాం. ఆ ఐదు నెలలూ కష్టంగానే గడిచాయి, ఏం మిగులుతోందో కళ్లకి కనిపించేది కాదు. కానీ ఆరో నెల నుంచి ఆ వడ్డీ మొత్తం ఇంట్లోనే ఉండటం మొదలైంది. మీకూ కార్డు బాకీ ఉంటే పొదుపు ఖాతాలో దాచేకంటే ముందు అది తీర్చండి. ఒక నెల ఖర్చుకి సరిపడా మాత్రం పక్కన ఉంచుకోండి, లేకపోతే చిన్న అవసరం రాగానే మళ్లీ కార్డు దగ్గరికే వెళ్లాల్సి వస్తుంది.

ఇక తగ్గించకూడనివి. రోజూ వేసుకునే మందులు, పిల్లల పాలు పండ్లు, ఆరోగ్య బీమా ప్రీమియం, బండి బ్రేకులూ టైర్లూ. మందుల ఖర్చు తగ్గించాలంటే మాత్ర మానేయకూడదు, డాక్టరుని అడగాలి. మేం అడిగాక ఆయన అదే మందుని జనరిక్‌లో, అంటే కంపెనీ బ్రాండు పేరు లేకుండా అమ్మే రకంలో, రాసిచ్చారు. మందు అదే, మోతాదు అదే, ఖర్చు బాగా తగ్గింది. అడిగితే తక్కువగా చూస్తారేమోనని అత్తయ్య మొహమాటపడ్డారు, కానీ ఆయన చాలా మామూలుగా, "ముందే అడగాల్సిందమ్మా" అన్నారు. బండి సర్వీసింగ్ కూడా మళ్లీ సమయానికి చేయించడం మొదలుపెట్టాం. టైర్లలో గాలి సరిగ్గా ఉంటే పెట్రోలు కూడా కొంత కలిసొస్తుంది.

పిల్లల గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. వాళ్ల దగ్గర దాచితే వాళ్లు మనకంటే ఎక్కువ భయపడతారు. మా పెద్దవాడు టూర్ కాగితం దాచాడని తెలిసిన రోజు నేను చాలా ఏడ్చాను. తర్వాత వాడికే కరెంటు మీటర్ రీడింగ్ రాసే పని అప్పగించాం. వారానికొకసారి చూసి పుస్తకంలో రాస్తాడు, తగ్గితే పెద్ద అక్షరాలతో రాస్తాడు. పక్క సంవత్సరం టూర్‌కి ముందుగానే నెలకి కొంత పక్కన పెట్టి పంపించాం.

అంతా కలిపితే ఏడు నెలల్లో మా నెల ఖర్చు దాదాపు ఆరో వంతు తగ్గింది. అందులో సగం పైన వంటింటి వృథా ఆపడం వల్లే, తర్వాత కార్డు వడ్డీ, ఆ తర్వాత కరెంటు. మిగతావన్నీ కలిపి కొంచెమే. ధరలు అప్పటికీ తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. నెల చివరి వారం టెన్షన్ మాత్రం పోయింది.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం పుస్తకం ముందేసుకుని అరగంట కూర్చుంటాం. మొదటి గీత అత్తయ్య మందులది. అది ఆవిడే స్వయంగా రాస్తారు, ఎన్ని మాత్రలు మిగిలాయో కూడా పక్కన వేస్తారు. మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు, అద్దెకీ అప్పులకీ జీతంలో ఎంత వంతు పోతోంది చెప్పండి, మీకు ముందు ఏది పనికొస్తుందో ఇంకొంచెం ఆలోచించి రాస్తాను.