చదువు రాని విశ్వాసులకు వాక్య ధ్యానం ఎలా నేర్పాలి?

ఒంగోలు దగ్గర పల్లె సంఘంలో, అక్షరాలు రాని పెద్దవాళ్లకు బైబిలు వాక్యాన్ని ధ్యానిస్తూ ప్రార్థించడం నేర్పవచ్చా అని అడిగారు. తప్పకుండా నేర్పవచ్చు. 12వ శతాబ్దంలో రెండవ గీగో అనే సన్యాసి దీన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, మననం, ప్రార్థన, దేవుని సన్నిధిలో మౌనం.

'యెహోవా నా కాపరి' అనే 23వ కీర్తనతో మొదలుపెట్టండి. గొర్రెలు కాసినవాళ్లకు కాపరి అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఒకరు నిదానంగా చదవాలి, కాసేపు ఆగి మళ్లీ చదవాలి. మనసుకు తగిలిన ఒక్క మాటను, 'నాకు లేమి కలుగదు' అనో మరొకటో, ఎవరికి వారు లోలోపల తిప్పుకోవాలి. ఆవు నెమరేసినట్టు అనండి, చాలు. పాత సన్యాసులూ ఈ పోలికే వాడారు. ఆ మాట పట్టుకునే సొంత మాటల్లో ప్రార్థన: అప్పు, పొగాకు ధర, కొడుకు తాగుడు, ఏదైనా సరే.

కష్టమంతా మౌనంలోనే. మన కూడికల్లో గట్టిగా ప్రార్థించడమే అలవాటు, రెండు నిమిషాలు కాకముందే ఎవరో పాట ఎత్తుకుంటారు. కోప్పడకండి, వచ్చే వారం మళ్లీ కూర్చోబెట్టండి. ఆ మధ్యలో మీరు ప్రసంగం మాత్రం చేయొద్దు. వీలైతే ఒకసారి ఒంగోలు ప్రార్థన కొండకు తీసుకెళ్లండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జ్యూయెట్ దంపతులు కొద్దిమందితో కలిసి ప్రార్థించిన చోటు అది.