అడిగి ఆర్డరివ్వండి

ప్రశ్న: బాబాయి గారూ, మా అత్తగారూ మామగారూ వచ్చే నెల తెనాలి నుంచి మా ఇంటికి వస్తున్నారు. ఇద్దరూ శుద్ధ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. మా అమ్మాయేమో తాతయ్యా వాళ్లని థాయ్ రెస్టారెంట్‌కి తీసుకెళ్లాల్సిందే అని పట్టుబట్టి కూర్చుంది. మెనూలో వెజ్ అని రాసినవి చూసి చెప్తే సరిపోతుందా?
– ఒక ఇల్లాలు, కూకట్‌పల్లి

జవాబు: సరిపోదమ్మా. థాయ్ వంటలో ఉప్పదనం చాలావరకు చేపల సాస్ నుంచే వస్తుంది. గ్రీన్ కర్రీ, రెడ్ కర్రీ అనే కూరలకు ముందుగా నూరుకునే ముద్దలో మామూలుగా రొయ్యల ముద్ద కలుస్తుంది. పచ్చి బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు దంచి వేస్తారు. మన దగ్గర చాలా చోట్ల ‘వెజ్ గ్రీన్ కర్రీ’ అంటే చికెన్ తీసేసి టోఫూ, బేబీకార్న్ వేశారని, అంతే. అడుగున ఉన్న ముద్ద మారిందో లేదో మెనూ చెప్పదు. వాళ్లు కావాలని మోసం చేస్తారని అనను. వేడివేడిగా పది టేబుళ్ల ఆర్డర్లు పడుతుంటే ముద్ద సంగతి గుర్తుండేది వంట మాస్టర్‌కే. సర్వర్‌కి తెలిసే అవకాశం తక్కువ. ఎన్నో ఏళ్లు హోటల్లో సర్వర్ల పెద్దగా, అంటే కెప్టెన్‌గా, టేబుళ్ల మధ్య తిరిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

ఆ మధ్య గచ్చిబౌలి వైపు ఒక చోట నేను ఇదే ప్రశ్న వేశాను. కుర్రాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా “ప్యూర్ వెజ్ సార్” అన్నాడు. “లోపల ఆ ముద్ద డబ్బా ఉంటే ఒకసారి తెచ్చి చూపిస్తావా నాయనా” అన్నాను. తెచ్చాడు. ఎర్ర మూత ప్లాస్టిక్ డబ్బా, వెనకాల దిగుమతిదారు అంటించిన తెల్ల స్టిక్కరు, దాని మూలన గోధుమరంగు చదరంలో గోధుమరంగు త్రికోణం. మన దేశంలో మాంసాహారానికి గుర్తు అదే. కుర్రాడి మొహం పాలిపోయింది. వెళ్లి మాస్టర్‌ని పిలుచుకొచ్చాడు. ఆయన మంచివాడు. “ఇరవై నిమిషాలు ఆగితే నిమ్మగడ్డి, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర వేళ్లు విడిగా నూరి చేస్తాను, ఉప్పుకి సోయా సాస్ వేస్తాను” అన్నాడు. డబ్బా ముద్దతో చేసే కూర కంటే అది బాగుంది కూడా.

కాబట్టి మీరు ముందు రోజే ఫోన్ చేయండి. మధ్యాహ్నం నాలుగింటప్పుడు చేస్తే వంటగది ఖాళీగా ఉంటుంది, మాస్టర్ స్వయంగా మాట్లాడే వీలుంటుంది. ‘వెజ్ ఉందా’ అని అడగకండి, ఉందనే అంటారు. ‘చేపల సాస్, రొయ్యల ముద్ద, ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ లేకుండా చేస్తారా? వేయించే నూనె వేరుగా ఉందా?’ అని పేరుపేరునా అడగండి. నీళ్లు నమిలారంటే ఆ హోటల్ వదిలేయండి.

ఈ చిక్కు థాయ్‌తోనే ఆగదు. జపాన్ హోటల్లో మీసో సూప్ చూడ్డానికి పప్పుకట్టులా అమాయకంగా ఉంటుంది, దాని అడుగు నీళ్లు మామూలుగా ఎండబెట్టిన చేప తురుముతో కాచినవి. ఇటాలియన్ అయితే పాస్తా మీద తురిమే అసలు పర్మేశాన్ చీజ్‌ను దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ అనే, పాలు విరగ్గొట్టే పదార్థంతో చేస్తారు. ఇటలీలో దానికి నియమమే అది. పనకోటా అనే తెల్లటి తీపిలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, టిరమిసూలో గుడ్డు ఉంటుంది. సీజర్ సలాడ్ ఆకులే కదా అనుకుంటాం, పైన పోసే డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేపలు కలుపుతారు.

నన్నడిగితే అత్తగారినీ మామగారినీ లెబనీస్ హోటల్‌కి తీసుకెళ్లండి. హమ్మస్ అంటే ఉడికించిన శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి. ముతబ్బల్ అంటే నిప్పుల మీద కాల్చిన వంకాయలో అదే నువ్వుల ముద్ద. ఫలాఫెల్ నానబెట్టిన శనగలు రుబ్బి వేయించింది. ఫత్తూష్, తబ్బూలే సలాడ్లు. వీటిలో దాచిపెట్టిన చేప ఏదీ ఉండదు. ఫలాఫెల్ వేయించే నూనెలోనే చికెన్ కూడా వేయిస్తున్నారేమో, అదొక్కటి కనుక్కోండి. వెల్లుల్లి వద్దనుకునే రోజైతే మాత్రం అక్కడ పస్తే. అమ్మాయికి థాయ్ మీద మనసుంటే తండ్రీకూతుళ్లు ఇంకో రోజు వెళ్లొస్తారు.

ప్రశ్న: బాబాయ్, మా కరీంనగర్‌లో ఎటు చూసినా మండీ హోటళ్లే. మేం ఆరుగురం ఫ్రెండ్స్ నెలకోసారి వెళ్తాం. ప్రతిసారీ సగం అన్నం మిగిలిపోతుంది, బిల్లు వాచిపోతుంది. పైగా మా వాడొకడు ఇది బిర్యానీయే, పళ్లెం మాత్రం పెద్దది అంటాడు. ఇంతకీ ఏది నిజం?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: మీవాడి మాట తప్పు బాబూ. మండీ యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతపు వంట. నేలలో తవ్విన గుంత పొయ్యిలో అడుగున బియ్యం గిన్నె, పైన మాంసం పెట్టి మూసేస్తారు. మాంసంలోంచి కారే రసం, కొవ్వు అన్నంలోకి దిగుతాయి. బిర్యానీలో మాదిరి అన్నంలో మసాలా దట్టంగా ఉండదు. రుచంతా మాంసం రసానిదే. అందుకే పక్కన టమాటా మిర్చి పచ్చడి పెడతారు. హైదరాబాద్ బార్కస్‌లో ఉండే చాలా కుటుంబాల పూర్వీకులు నిజాం సైన్యంలో పనిచేయడానికి హద్రమౌత్ నుంచే వచ్చారు. ఒకసారి అటు వెళ్లి తినండి, తేడా నాలుకకే తెలుస్తుంది. మీ ఊళ్లో గుంత పొయ్యి ఉందో లేదో అడిగి చూడండి. చాలా చోట్ల అన్నం వేరుగా వండి, మాంసం వేరుగా ఉడికించో వేయించో పైన పేరుస్తారు. ‘జ్యూసీ’ అన్నది ఉడికించిన రకం, ‘ఫ్రై’ అన్నది వేయించింది. ‘ఫహమ్’ అంటే బొగ్గుల మీద కాల్చిన చికెన్. అసలు మండీకి దగ్గరగా ఉండేది జ్యూసీయే.

అన్నం మిగలడం ఆర్డర్ చేసే పద్ధతి వల్ల. ఆరుగురికి ఆరు అని లెక్కేసి తెప్పించకండి. ముందు నలుగురికి సరిపోయే పళ్లెం చెప్పండి, అన్నం చాలకపోతే విడిగా రైస్ తెప్పించుకోండి. మాంసం మీద ఆశ ఉంటే పీసులు విడిగా ఇస్తారా అని అడగండి, చాలామంది ఇస్తారు. స్టార్టర్లు మాత్రం అసలు వద్దు. ముందు చికెన్ అరవై ఐదు, తందూరీ లాగించి తర్వాత అన్నం మిగిలిందని ఏడవడం ఎందుకు?

మయోనైజ్ సంగతి మీరు అడగలేదు గానీ నేను చెప్తాను. పచ్చి గుడ్లతో చేసిన మయోనైజ్ వేడికి గంటల తరబడి బయట ఉంటే సాల్మొనెల్లా అనే, జబ్బు చేసే బ్యాక్టీరియా పెరుగుతుంది. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది కూడా, జనం ఆస్పత్రుల పాలయ్యాక. టేబుల్ మీద చిన్న గిన్నెలో ముందే పోసి, పైన పొర కట్టి ఉన్న తెల్ల సాస్ కనబడితే పక్కకి తోసేయండి. వెల్లుల్లి, నూనె, నిమ్మరసం చిలికి చేసే అరబ్బుల తూమ్‌లో గుడ్డు ఉండదు, అది దొరికితే నిక్షేపంగా తినొచ్చు.

ప్రశ్న: మా టీమ్ వాళ్లు లంచ్‌కి ఏషియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తున్నారు. నాకు చాప్‌స్టిక్స్ పట్టుకోవడం రాదు. ఒకటే టెన్షన్‌గా ఉంది.
– కొత్త ఉద్యోగి, మాధాపూర్

జవాబు: టెన్షన్ మానెయ్ తల్లీ. థాయ్ వాళ్లు అన్నం తినేది చెంచాతో. ఫోర్కుతో అన్నాన్ని చెంచాలోకి తోసుకుంటారు, చాప్‌స్టిక్స్ నూడుల్స్‌కే. కొరియా వాళ్లూ అన్నం, పులుసు చెంచాతోనే తింటారు. సుషీని జపాన్‌లోనే చేత్తో తినేవాళ్లున్నారు. ఫోర్కు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. పట్టుకోవడం వచ్చినా రాకపోయినా ఆ పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చి మాత్రం పెట్టకు. జపాన్, చైనా వాళ్లకు అది చనిపోయినవాళ్లకు పెట్టే కూడు గుర్తుకు తెస్తుంది.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ టీచర్ని, గుంటూరు. అమెరికాలో వర్జీనియాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. ఇథియోపియా వాళ్ల హోటల్‌కి తీసుకెళ్తానంటున్నాడు. అక్కడ ఒకే పళ్లెంలో అందరూ చేతులు పెట్టి తింటారట. ఎంగిలి కదా? వద్దంటే కోడలు నొచ్చుకుంటుందేమోనని సందేహం.

జవాబు: మాస్టారూ, మీ సందేహం సబబే. దానికి దారీ ఉంది. వాషింగ్టన్ చుట్టుపక్కల ఇథియోపియా వాళ్లు చాలా పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు, హోటళ్లూ అన్నీ ఉన్నాయి. మీలాంటి అతిథులు వాళ్లకు కొత్తేమీ కాదు. ‘నాకు విడిగా చిన్న పళ్లెం’ అని ముందే చెప్పండి, తెచ్చిస్తారు. అప్పుడు కలిసే కూర్చుంటారు, ఎంగిలి బెడదా ఉండదు. పక్కవాళ్ల నోటికి ముద్ద అందించడం వాళ్లలో ప్రేమకు గుర్తు. ఎవరైనా మీకు అందించబోతే చిరునవ్వుతో చేతిలోకి తీసుకోండి, సరిపోతుంది.

ఇంతకీ వెళ్లమనే అంటాను, ముఖ్యంగా మీరు శాకాహారులైతే. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం పాటిస్తారు. ఈస్టర్‌కు ముందు 55 రోజులు కూడా అంతే. ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ఏవీ తినరు. అందుకని ఉపవాసపు కూరల పళ్లెం, ‘బెయాయ్‌నెతు’, దాదాపు ప్రతి హోటల్లోనూ ఉంటుంది. ఎర్ర కందిపప్పులాంటి మసూర్ పప్పు కారంగా, పసుపు వేసిన బఠాణీ పప్పు చప్పగా, ఆకుకూర, క్యాబేజీ క్యారెట్, శనగపిండితో చేసే షిరో, అన్నీ కుప్పలుగా పెడతారు. అడుగున ఇంజెరా పరిచి ఉంటుంది. తెఫ్ అనే సన్నటి ధాన్యం పిండిని కొన్ని రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద ఒక వైపే కాలుస్తారు, పైన అంతా కన్నాలు. మన దోసె పులుపు కంటే నాలుగాకులు ఎక్కువ పులుపు. మొదటి రెండు ముక్కలకి మొహం చిట్లించినా మూడోదానికి అలవాటవుతుంది. అమెరికాలో కొందరు తెఫ్‌లో గోధుమపిండి కలుపుతారు, గోధుమ పడనివాళ్లు మీలో ఉంటే అడగాలి. షిరోలో నెయ్యి వేశారా లేదా అన్నది కూడా.

టిప్ మీ అబ్బాయి చూసుకుంటాడు. పదిహేను నుంచి ఇరవై శాతం ఇస్తుంటే ‘ఇంత డబ్బా’ అని అక్కడే అనకండి. ఆ దేశంలో సర్వర్ల జీతంలో పెద్ద భాగం అదే. కాఫీ మాత్రం వదలకండి. పచ్చి గింజలు మీ ముందే వేయించి చేసే చోటైతే ఆ వాసనకే వెళ్లొచ్చు.

ప్రశ్న: విశాఖ బీచ్ రోడ్డు వైపు ఒక మెక్సికన్ రెస్టారెంట్‌లో తిన్నాం. బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జ్ అని ఉంది. తీసేయమంటే ‘కంపెనీ పాలసీ మేడమ్’ అన్నారు. మెనూ అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉందట. కట్టి వచ్చేశాం. కట్టక తప్పదా?
– ఒక బ్యాంకు ఉద్యోగిని

జవాబు: తప్పదనేమీ లేదమ్మా. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సర్వీస్ ఛార్జ్‌ను బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు. దాన్ని హోటల్ సంఘాలు కోర్టులో సవాలు చేస్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనంది. మెనూలో చిన్న అక్షరాలతో రాసినంత మాత్రాన చెల్లదు. ఈసారి అక్కడే మేనేజర్‌ని పిలిచి ‘ఇది తీసేసి కొత్త బిల్లివ్వండి’ అని నెమ్మదిగా చెప్పండి. సర్వర్ మీద అరవకండి, పాపం అతని చేతిలో ఏమీ లేదు. కాదంటే 1915కి ఫోన్ చేయొచ్చు. బిల్లు ఫొటో దాచుకోండి.

జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే. మామూలు రెస్టారెంట్‌లో అది ఐదు శాతం, కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను తామే కట్టుకునే కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటళ్లు మీ దగ్గర జీఎస్టీ తీసుకోకూడదు, ఆ సంగతి బిల్లు మీదే రాయాలి. సర్వీస్ బాగుందనిపిస్తే మీకు తోచింది నేరుగా ఆ కుర్రాడి చేతిలో పెట్టండి. బిల్లులో కలిపిన పది శాతంలో వాడికి ఎంత ముడుతుందో నేనెరుగుదును.

ప్రశ్న: మా పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక కొరియా హోటళ్లు కూడా వచ్చాయి. మొన్న వెళ్తే మేం చెప్పకుండానే చిన్న గిన్నెల్లో ఏవేవో తెచ్చి పెట్టారు. బిల్లు వేస్తారేమోనని భయపడి ముట్టుకోలేదు.
– ఒక పాఠకుడు

జవాబు: అయ్యో, ముట్టుకోవాల్సింది! అవి బాన్‌చాన్, కొరియా భోజనంతో పాటు ఉచితంగా వచ్చే నంజుళ్లు. అయిపోతే మళ్లీ అడిగినా సాధారణంగా డబ్బు తీసుకోరు. కిమ్చీలో చేపల సాసో ఉప్పు రొయ్యలో ఉంటాయి, శాకాహారులు దానికి దూరంగా ఉండాలి. మొలకలు, పాలకూర అయితే అడిగి తినొచ్చు. మాంసం కాల్చుకునే పొయ్యి టేబుల్‌లోనే ఉంటే, దాని పక్కన కత్తెర కూడా పెడతారు. కంగారుపడకండి, అది మాంసం కోసుకోవడానికే.