నీళ్లు నింపే ముందే కంచె

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

శంకర్‌పల్లి ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ కట్టిస్తున్నావని, వచ్చే వారమే తవ్వకం మొదలని అక్కయ్య చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. టైల్స్ రంగు నుంచి లైట్ల దాకా అన్నీ ఉన్నాయి, కంచె మాత్రం లేదు. కాంట్రాక్టర్‌ని అడిగితే "అది చివర్లో చూద్దాం సార్" అన్నాడట. ఆ మాట విన్నాక ఉండబట్టలేక రాస్తున్నాను.

పూల్‌తో ప్రమాదం గుంత తవ్విన రోజే మొదలవుతుంది. నేను పనిచేసిన ఒక సైట్‌లో రెండు రోజుల వానకి గుంతలో నడుము లోతు నీళ్లు చేరాయి. ఆదివారం, పనివాళ్లు లేరు. సిమెంటు బస్తాల లెక్క చూసుకుందామని వెళ్తే వాచ్‌మన్ కూతురు, నాలుగేళ్ల పిల్ల, గుంత అంచున కూర్చుని నీళ్లలో పడిన చెప్పు కోసం వంగుతోంది. రెక్క పట్టుకుని వెనక్కి లాగాను. ఆ నీలం చెప్పు బురద నీళ్లలో తేలుతుండటం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. అందుకే తవ్వకం మొదలైన రోజే చుట్టూ రేకులు కట్టించు. వాన పడితే వెంటనే మోటారు పెట్టి తోడించు. క్యూరింగ్‌కి నీళ్లు కట్టినప్పుడు, లీకేజీ చూడటానికి నింపినప్పుడు కూడా రేకులు తియ్యనివ్వకు.

ఇక అసలు కంచె. ఎత్తు కనీసం 4 అడుగులు, ఇంకో అడుగు పెంచినా మంచిదే. కమ్మీల మధ్య సందు 4 అంగుళాలు దాటకూడదు, లేకపోతే పసిపిల్లలు దూరిపోతారు. కాలు పెట్టి ఎక్కడానికి వీలుగా అడ్డకమ్మీలు వద్దు. కంచె పక్కన కుర్చీలు, పూలకుండీలు పెట్టకండి. గేటు పూల్ వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతట అదే మూసుకుని గొళ్లెం పడాలి. ఆ గొళ్లెం నాలుగున్నర అడుగుల ఎత్తులో పెట్టించు. నీ ప్లాన్‌లో నాలుగో వైపు ఇంటి గోడే ఉంది, అందులో హాలు తలుపు నేరుగా పూల్ దగ్గరికి తెరుచుకుంటోంది. నీ కూతురికి మూడేళ్లు, ఆ తలుపు తీయడం దానికెంత పని! ఖర్చయినా సరే, ఆ వైపూ కంచె వేయించు.

తర్వాత నేను పట్టుబట్టేది అడుగున ఉండే డ్రెయిన్ గురించి. పంపు ఒకే డ్రెయిన్‌లోంచి నీళ్లు లాగుతుంటే దానికి ఒళ్లు అతుక్కుంటే ఆ పట్టు పెద్దవాళ్లు కూడా విడిపించుకోలేరు. 2002లో అమెరికాలో మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల పిల్ల, ఇలాగే హాట్ టబ్ అనే వేడినీళ్ల తొట్టిలో డ్రెయిన్‌కి చిక్కుకుని చనిపోయింది. తల్లి ఎంత లాగినా రాలేదు. 2007లో అక్కడ ఆ పాప పేరుమీదే చట్టం తెచ్చారు. నువ్వు రెండు డ్రెయిన్లు, కనీసం 3 అడుగుల ఎడంలో పెట్టించు. జుట్టు, బట్టలు చిక్కుకోకుండా ఉబ్బెత్తు మూతలు వేయించు. పంపు ఆపే స్విచ్ పూల్ దగ్గర్నుంచి పరుగెత్తితే చేతికందేలా ఉండాలి.

కరెంటు పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వు. నీళ్లలోని లైట్లు 12 వోల్టులవి, మొత్తం లైనుకి 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్), నిచ్చెనకీ రెయిలింగ్‌కీ ఎర్తింగ్. క్లోరిన్, యాసిడ్ విడివిడిగా తాళం వేసిన గదిలో ఉండాలి. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒకరు ఫోన్ పక్కన పెట్టి చూస్తూ ఉండాలి. మునిగిపోయేవాళ్లు కేకలు వేస్తారనుకోకు, చాలాసార్లు చప్పుడే ఉండదు. ఈత అయ్యాక బంతులు, బొమ్మలు నీళ్లలో వదలొద్దు. నువ్వూ మీ ఆవిడా వాచ్‌మనూ సీపీఆర్, అంటే ఊపిరి ఊది ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స, నేర్చుకోండి. మనవైపు మునిగినవాళ్లని తలకిందులు చేసి తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం అలవాటు. దానితో సమయమంతా పోతుంది. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి, ఇంకొకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి.

తవ్వకం మొదలయ్యేలోపు కంచె డ్రాయింగ్ గీయించి నాకు పంపు. గేటు బిగించిన రోజు కబురు చెయ్యి. నేనే వచ్చి పదిసార్లు తెరిచి వదిలి చూస్తాను. పదిసార్లూ దానంతట అదే గొళ్లెం పడితే అప్పుడు ట్యాంకర్‌కి ఫోన్ చేద్దాం.

మీ మామయ్య